వ్యాసం రాయడం – విమర్శతో చదవడం

పాఠ్య పరిచయం

పదో తరగతి దాటి కళాశాలలో చేరిన విద్యార్థికి మొదటి సంవత్సరంలోనే రెండు కొత్త పనులు ఎదురవుతాయి. తన ఆలోచనను వ్యాసంగా రాయడం ఒకటి. ఇతరులు రాసినదాన్ని తూచి చదవడం రెండవది. దిగపహండి నుంచి బరంపురం వెళ్ళి చదువుకునే తెలుగు విద్యార్థికి మూడో చిక్కు కూడా ఉంది. అతడు ఇంట్లో మాట్లాడే తెలుగు ఒక తీరు, పాఠ్యపుస్తకంలోని తెలుగు మరొక తీరు. బజారులోనూ కచేరీలోనూ వినిపించేది ఒడియా. కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే, ఏ తెలుగులో రాయాలన్న సందేహమే ముందుగా కలుగుతుంది.

ఈ సందేహం ఈనాటిది కాదు. నూరేళ్ళకు పూర్వం ఈ ప్రాంతపు ఉపాధ్యాయుడే ఒకరు దీన్ని పట్టుకుని తెలుగుదేశమంతటా చర్చకు పెట్టారు. ఆ చర్చ నడిచిన తీరు గమనిస్తే వ్యాసం ఎలా రాయాలో, గ్రంథం ఎలా చదవాలో రెండూ బోధపడతాయి.

1. 'ప్రమేయం' అన్న మాట

తెలుగులో వచన వ్యాసం పందొమ్మిదో శతాబ్దంలో రూపుదిద్దుకున్నది. మొదట్లో దానికి స్థిరమైన పేరు లేదు. సామినేని ముద్దు నరసింహం గారి 'హితసూచని' 1862లో అచ్చయింది. అందులోని వ్యాసాలను ఆయన 'ప్రమేయాలు' అన్నారు. కందుకూరి వీరేశలింగం పంతులు గారు తమ వ్యాసాలను 'ఉపన్యాసాలు' అన్నారు. 'వ్యాసం' అన్న పేరు తరవాత స్థిరపడింది. ఫ్రాన్సు దేశంలో మాంటేన్ అనే రచయిత 1580లో తన వ్యాసాలను అచ్చువేసి వాటికి పెట్టిన పేరుకు 'ప్రయత్నాలు' అని అర్థం.

ఈ పేర్లన్నింటిలో విద్యార్థికి ఎక్కువగా పనికివచ్చేది 'ప్రమేయం'. ఇది తర్కశాస్త్రంలోని మాట. తెలుసుకోవలసిన విషయం ప్రమేయం. దాన్ని తెలుసుకునే సాధనం ప్రమాణం. కొండ మీద పొగ కనిపించింది కనుక అక్కడ నిప్పు ఉందని అనుకుంటాం. నిప్పు ఉన్నదన్నది మనం తేల్చుకున్న విషయం. పొగ దానికి ఆధారం. పొగను చూపకుండా 'నిప్పు ఉంది, నిప్పు ఉంది' అని పదిసార్లు చెప్పినా వినేవాడు నమ్మనక్కరలేదు.

వ్యాసం సంగతీ ఇంతే. రాసేవాడు ఒక విషయం చెబుతాడు, దానికి ఆధారం చూపుతాడు. చదివేవాడు ఆ ఆధారం నిలుస్తుందో లేదో చూస్తాడు. రాయడంలోనూ చదవడంలోనూ జరిగే పని ఒక్కటే. అందుకే కళాశాలలో ఈ రెండింటినీ కలిపి నేర్పుతారు.

2. ఒక పరీక్ష – ఒక వివాదం

దిగపహండి ఒకప్పుడు పెద్దకిమిడి జమీందారీకి ముఖ్యపట్టణం. పర్లాకిమిడి మరొక కిమిడి. ఈ రెండూ నాటి గంజాం జిల్లాలో ఉండేవి. గంజాం అప్పట్లో మద్రాసు రాజధానిలో భాగం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు ఈ రెండు పట్టణాలూ కొత్త రాష్ట్రంలో చేరాయి. అంతకుముందు ఈ ప్రాంతపు విద్యార్థులకు పరీక్షల నియమాలు మద్రాసు నుంచే వచ్చేవి.

గిడుగు వెంకట రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో జన్మించారు. విజయనగరంలో గురజాడ అప్పారావు గారితో కలిసి చదువుకున్నారు. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా చేరి, దాదాపు మూడు దశాబ్దాలు ఆ ఊరి విద్యార్థులకు చదువు చెప్పారు.

1910 ప్రాంతంలో మద్రాసు విశ్వవిద్యాలయం ఇంటర్మీడియట్ విద్యార్థులకు దేశభాషలో వ్యాసరచనను తప్పనిసరి చేసింది. ఇంటర్మీడియట్ అంటే కళాశాల చదువులో తొలిమెట్టు. అంతకుముందు విద్యార్థి కావ్యాలు చదివి, పద్యాలకు అర్థాలు రాస్తే సరిపోయేది. ఇప్పుడు సొంతంగా నాలుగు పుటలు రాయవలసి వచ్చింది. వెంటనే ఒక ప్రశ్న పుట్టింది. ఆ నాలుగు పుటలూ ఏ భాషలో ఉండాలి? ఇంటిలోనూ తరగతిలోనూ మాట్లాడే శిష్టుల వాడుక తెలుగులోనా, కావ్యవ్యాకరణాలు చెప్పిన గ్రాంథికంలోనా?

ఇది పండితులకే పరిమితమైన ప్రశ్న కాదు. పరీక్ష రాసే కుర్రవాడి భవిష్యత్తు దీని మీద ఆధారపడి ఉంది. 'వస్తున్నాడు' అని ఆలోచించి 'వచ్చుచున్నాడు' అని రాయాలి. 'చేశాను' అని తోచినప్పుడు 'చేసితిని' అని దిద్దుకోవాలి. మాట తప్పుతుందేమో అన్న బెంగతోనే సగం సమయం గడిచిపోతే, విషయం గురించి ఆలోచించడానికి ఎంత సమయం మిగులుతుంది? అంతకన్నా వ్యాకరణం తప్పని రెండు మాటలు వల్లెవేసి రాయడం మేలని విద్యార్థికి తోస్తుంది. అప్పుడు వ్యాసరచన పెట్టిన ప్రయోజనమే నెరవేరదు.

విశాఖపట్నం, గంజాం ప్రాంతాల పాఠశాలలను తనిఖీ చేసిన జె. ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు అధికారికి కూడా ఈ సందేహం కలిగింది. జనం మాట్లాడే తెలుగుకూ, బడిలో చదివించే తెలుగుకూ ఇంత ఎడం ఎందుకు ఉందని ఆయన అడిగారు. రామమూర్తి గారు, గురజాడ వారు, విశాఖపట్నంలో కళాశాల ప్రధానాధ్యాపకులుగా ఉన్న పి. టి. శ్రీనివాస అయ్యంగారు ఈ ప్రశ్నను గట్టిగా పట్టుకున్నారు. స్కూల్ ఫైనల్ వ్యాసాన్ని రెండు విధాల భాషలో దేనిలోనైనా రాయవచ్చునన్న వెసులుబాటు కొంతకాలం దొరికింది. పండితులు సభలు పెట్టి దాన్ని తీవ్రంగా ఖండించారు. 1914లో గురజాడ వారు విశ్వవిద్యాలయానికి తమ అసమ్మతిని సమర్పించి, వాడుక భాష పక్షాన సుదీర్ఘంగా వాదించారు. అయినా 1915 నాటికి ఆ వెసులుబాటు పోయింది. గ్రాంథికమే నిలిచింది. ఆ సంవత్సరం నవంబరు 30న గురజాడ వారు కన్నుమూశారు.

3. ఎదుటివారి వాదం

ఇక్కడ ఆగి అవతలి పక్షం ఏమన్నదో తెలుసుకోవాలి. గ్రాంథికవాదుల్లో ముఖ్యులు జయంతి రామయ్య పంతులు గారు. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తును స్థాపించినవారిలో ఆయన ప్రధానులు. గొప్ప విద్వాంసులు, భాష మీద ప్రేమ గలవారు.

వారి వాదం స్థూలంగా ఇది. మాట్లాడే భాష జిల్లాకొక తీరుగా ఉంటుంది. గంజాం వారి మాట గుంటూరు వారికి తెలియదు. గుంటూరు వారి పలుకుబడి కడప వారికి వింతగా ఉంటుంది. ఎవరి వాడుకలో వారు రాస్తే తెలుగు ముక్కలవుతుంది. గ్రాంథికం ఏ ఒక్క జిల్లాకూ చెందదు కాబట్టి అది అందరినీ ఒక తాటి మీద ఉంచుతుంది. వెయ్యేళ్ళ సాహిత్యానికి అదే తాళపుచెవి. దాన్ని వదులుకుంటే తరవాతి తరం తన కావ్యాలను తానే చదువుకోలేదు.

ఈ వాదంలో బలం ఉంది. తెలుగు రాజధానులకు దూరంగా ఉన్న దిగపహండి విద్యార్థికి ఆ బలం మరింత బాగా తెలుస్తుంది. 'నా మాటను పై ఊరి వారు అర్థం చేసుకుంటారా?' అన్న బెంగ అతడికీ ఉంటుంది. ఎదుటివారి వాదాన్ని ఇలా దాని బలమంతటితో చెప్పగలగడం వ్యాసరచనలో మొదటి పరీక్ష. బలహీనంగా చెప్పి సులువుగా ఓడిస్తే చదివేవాడికి నమ్మకం కుదరదు.

4. గ్రంథాలనే సాక్ష్యం అడిగిన చదువరి

రామమూర్తి గారికి సాక్ష్యం వెదకడం పాత అలవాటు. శాసనాలు చదవడం స్వయంగా నేర్చుకున్నారు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ముఖలింగమేనని ఆధారాలతో వాదించారు. కొండల్లోని సవరల భాషను, తెలుగు వచ్చిన సవర ఒకరిని ఇంటిలో ఉంచుకుని, మాట మాటా విని నేర్చుకున్నారు. తరవాత సవర పిల్లల కోసం పుస్తకాలు రాశారు, బడులు పెట్టించారు. ఆయన సవర భాషా వ్యాకరణం 1931లో వెలువడింది. భాష విషయంలో ఆయన ముందు వినేవారు, తరవాత నియమం చెప్పేవారు.

తెలుగు విషయంలోనూ ఆయన అదే దారి పట్టారు. గ్రాంథికవాదుల మాటల్లో రెండు ప్రమేయాలను విడదీశారు.

మొదటిది: 'రచనలో వాడుక రూపాలు మన పూర్వుల సంప్రదాయంలో లేవు.' ఇది నిజమైతే పాత వచనంలో ఆ రూపాలు కనిపించకూడదు. రామమూర్తి గారు పాత వచన రచనలను గాలించారు. వాటిలో వాడుక రూపాలు అడుగడుగునా కనిపించాయి. ఆ ఉదాహరణలను 'గద్య చింతామణి'లో చూపారు.

రెండవది: 'పండితులు గ్రాంథికాన్ని తప్పు లేకుండా రాయగలరు. కాబట్టి విద్యార్థులూ నేర్చుకోగలరు.' దీనికి ఆయన ఆ పండితుల గ్రంథాలనే తెరిచారు. వారు ఒప్పుకున్న వ్యాకరణం ప్రకారమే ఎన్ని తప్పులు దొర్లాయో పట్టి చూపారు. 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం' అన్న గ్రంథం ఈ పరిశీలన ఫలమే. మహాపండితులకే పట్టుబడని భాషలో పదహారేళ్ళ కుర్రవాణ్ణి పరీక్ష రాయమనడం న్యాయమా అన్నది ఆయన ప్రశ్న.

ఈ పద్ధతిని శ్రద్ధగా గమనించాలి. ఆయన ముందు ప్రత్యర్థి మాటను స్పష్టంగా విడదీశారు. అది నిజమైతే ఇంకేమి కనిపించాలో ఆలోచించారు. తరవాత గ్రంథాలు తెరిచి, అది కనిపిస్తున్నదో లేదో చూశారు. విమర్శతో చదవడమంటే ఈ మూడు మెట్లు ఎక్కడమే.

'ఎవరి వాడుకలో వారు రాస్తే భాష ముక్కలవుతుంది' అన్న వాదానికి కూడా జవాబు ఉంది. వ్యావహారికవాదులు కోరినది ఏ ఒక్క పల్లె మాటనూ కాదు. చదువుకున్నవారు నలుగురిలో మాట్లాడే తెలుగును కోరారు. ఆ తెలుగు ఊరూరికీ కొద్దిగా మారినా అందరికీ అర్థమవుతుంది. అచ్చు పెరిగి, పత్రికలు పెరిగితే అది మరింత దగ్గరవుతుంది. 1919లో వీరేశలింగం గారు అధ్యక్షులుగా, రామమూర్తి గారు కార్యదర్శిగా రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. రామమూర్తి గారు 'తెలుగు' అనే పత్రిక నడిపారు. 1925లో తణుకులో జరిగిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభలో ప్రత్యర్థుల ఎదుటనే నిలబడి నాలుగు గంటలపాటు ఉదాహరణలతో మాట్లాడారు. 1940 జనవరి 22న ఆయన మరణించారు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ కళాశాల పాఠ్యగ్రంథాలను వాడుక భాషకు దగ్గరైన శైలిలో వెలువరించింది. 1915లో పోయిన వెసులుబాటు తరవాతి తరాలకు హక్కుగా దక్కింది.

5. పద్యాన్ని విప్పి చూసిన శిష్యుడు

విమర్శ అంటే తప్పులు పట్టడమేనా? కాదు. మంచిదాన్ని ఎందుకు మంచిదో చూపడం కూడా విమర్శే. దీనికి రామమూర్తి గారి శిష్యులే ఉదాహరణ.

తాపీ ధర్మారావు గారు 1887లో బరంపురంలో జన్మించారు. పర్లాకిమిడిలో రామమూర్తి గారి దగ్గర చదువుకున్నారు. బరంపురం కళ్ళికోట కళాశాలలో గణితం బోధించారు. తరవాత పత్రికా సంపాదకులై, వాడుక భాషలో 'జనవాణి' పత్రికను నడిపారు.

పదిహేడో శతాబ్దంలో తంజావూరు రఘునాథ నాయకుని కాలంలో చేమకూర వేంకటకవి 'విజయవిలాసం' రాశాడు. అందులో ప్రతి పద్యంలోనూ ఒక చమత్కారం ఉంటుందని పేరు. చాలామంది ఆ మాట విని తలూపి ఊరుకుంటారు. ధర్మారావు గారు దాన్ని ప్రమేయంగా తీసుకున్నారు. చమత్కారం ఎక్కడ ఉంది? ఏ మాటలో ఉంది? ఆ మాట తీసి మరొకటి పెడితే ఏమి పోతుంది? ఇలా ఒక్కొక్క పద్యాన్నీ విప్పి 'హృదయోల్లాస వ్యాఖ్య' రాశారు. ఈ వ్యాఖ్యకు 1971లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

'ఈ కావ్యం మహాద్భుతంగా ఉంది' అని పరీక్షలో రాసే విద్యార్థి ఈ పద్ధతి తెలుసుకోవాలి. ఏ పద్యం, ఏ మాట, ఎందుకు అని చూపినప్పుడే ఆ మెచ్చుకోలుకు విలువ వస్తుంది.

6. చదివేటప్పుడు వేసుకోవలసిన ప్రశ్నలు

ఈ కింది నాలుగు వాక్యాలు చదవండి.

'పూర్వం మన పల్లెల్లో అందరూ సుఖంగా ఉండేవారు. ఎవరూ ఊరు వదిలి వెళ్ళేవారు కారు. చదువులు వచ్చాక యువకులు పొలం పని మాని వలస పోతున్నారు. కాబట్టి చదువు పల్లెకు చేటు చేసింది.'

వినడానికి బాగానే ఉన్నాయి. రచ్చబండ దగ్గర ఇలాంటి మాటలు తరచు వినిపిస్తాయి. ఇప్పుడు ఐదు ప్రశ్నలు వేద్దాం.

ఒకటి: ముఖ్యమైన ప్రమేయం ఏది? 'చదువు పల్లెకు చేటు చేసింది' అన్నది.

రెండు: దానికి చూపిన ఆధారం ఏది? చదువు వచ్చాక వలస వచ్చిందన్నది. ఒకదాని తరవాత మరొకటి వచ్చినంత మాత్రాన మొదటిది రెండవదానికి కారణం కాదు. కోడి కూసిన తరవాత తెల్లవారుతుంది. కోడి కూత వల్ల తెల్లవారదు.

మూడు: ఆ ఆధారం నిజమేనా? గంజాం చరిత్ర వేరే మాట చెబుతుంది. 1866 నాటి కరవులో ఒడిశాలో సుమారు పది లక్షల మంది మరణించారని అంచనా. 'అందరూ సుఖంగా' అన్న మాట అక్కడే తేలిపోతుంది. పల్లెల్లో బడులు అరుదుగా ఉన్న కాలంలోనే గోపాలపురం రేవు నుంచి కూలీలు ఓడలెక్కి బర్మాకు వెళ్ళారు. ఆ తరవాతి కాలంలో గంజాం నుంచి సూరత్ మరమగ్గాల పనికి వెళ్ళినవారిలోనూ పెద్ద చదువులు లేనివారే ఎక్కువ. చదువు లేని చోటా వలస ఉందంటే, దాని కారణం ఇంకెక్కడో వెదకాలి.

నాలుగు: రచయిత చెప్పకుండానే మనచేత ఒప్పించినది ఏమిటి? వలస ఎప్పుడూ చెడ్డదేనని. అది నిజమా? ఊరికి వచ్చే మనియార్డరుతో ఇల్లు నిలబెట్టుకున్న కుటుంబాన్ని అడిగితే జవాబు వేరుగా ఉండవచ్చు.

ఐదు: ఇందులో కాస్త నిజం ఏమైనా ఉందా? ఉంది. పొలం పనికి మనుషులు చాలకపోవడం రైతు అనుభవంలోని సంగతే. మంచి విమర్శకుడు ఆ కాస్త నిజాన్నీ విడిచిపెట్టడు. దాన్ని ఒప్పుకుని, అది పెద్ద ప్రమేయాన్ని మోయలేదని చూపుతాడు.

7. వ్యాసం కట్టే తీరు

'నీటి పొదుపు' అన్న విషయం మీద వ్యాసం అడిగారనుకుందాం. గైడులు వల్లెవేసిన విద్యార్థి ఇలా మొదలుపెడతాడు.

'నీరు మానవునికి ప్రాణాధారం. నీరు లేనిదే జీవరాశికి మనుగడ లేదు. కావున ప్రతి ఒక్కరూ నీటిని పొదుపుగా వాడవలెను. నీటిని వృథా చేయుట మహాపాపము. నీరున్ననే దేశము అభివృద్ధి చెందును.'

ఇందులో అబద్ధం లేదు. తెలియని సంగతి కూడా లేదు. ఏ ఊరి వారైనా, ఏ సంవత్సరంలోనైనా రాయగల ఐదు వాక్యాలివి. రాసిన విద్యార్థి ఎవరో వీటిలో కనిపించడు. ఒకటి తీసేసినా మిగిలినవాటికి నష్టం లేదు. అంటే వాటి మధ్య ముడి లేదు. భాష కూడా సగం వాడుకలో, సగం గ్రాంథికంలో ఉంది.

ఇప్పుడు మరొక పేరా చూడండి.

'గంజాం జిల్లాలో నీటి పొదుపు కాలవ దగ్గర మొదలుకావాలి. 1866 నాటి కరవు తరవాత, పందొమ్మిదో శతాబ్దం చివర, ఋషికుల్య నీటిని కాలవలకు మళ్ళించే పథకం చేపట్టారు. దిగపహండి దగ్గర ఘోడాహడ ఏటి మీద కూడా ఆనకట్ట ఉంది. ఈ జిల్లాలో పంట వాన మీదనే కాక, నిలవచేసిన నీటి మీద కూడా ఆధారపడి ఉన్నదని వీటి వల్ల తెలుస్తుంది. ఇంటి కుళాయి కట్టేసినా నీరు మిగులుతుంది కదా అని కొందరు అంటారు. అది నిజమే. అయితే ఒక మడికి పారించే నీటి ముందు ఒక ఇంటి వాడకం చాలా తక్కువ. కాలవ మొదట ఉన్న రైతు తన వంతుకు మించి వాడితే, చివర ఉన్న పొలం ఎండిపోతుంది. అందుచేత వంతు పాటించడమే మొదటి పొదుపు.'

ఈ పేరా నడక గమనించండి. మొదటి వాక్యంలో ప్రమేయం ఉంది. దాన్ని ఒప్పుకోనివారు ఉండవచ్చు; అందుకే దానికి వ్యాసం అవసరమయింది. రెండు, మూడు వాక్యాల్లో ఆధారాలున్నాయి. నాలుగో వాక్యం ఆ ఆధారాల వల్ల ఏమి తేలిందో చెబుతుంది. తరవాత ఎదుటివారి మాట, దానికి జవాబు వచ్చాయి. చివరి వాక్యం మొదటి ప్రమేయాన్ని మరింత స్పష్టం చేసింది. 'అయితే', 'అందుచేత' అన్న చిన్న మాటలు వాక్యాలను ముడివేశాయి. వ్యాసంలోని మిగిలిన పేరాలు కూడా ఈ పద్ధతిలోనే నడవాలి. ఒక్కొక్క పేరాలో ఒక్కొక్క చిన్న ప్రమేయం ఉండాలి. అవన్నీ కలిసి పెద్ద ప్రమేయాన్ని నిలబెట్టాలి.

ఇంకా రెండు జాగ్రత్తలు ఉన్నాయి. సంవత్సరాలు, అంకెలు రాసేముందు పుస్తకంలో సరిచూసుకోవాలి. తెలియని అంకె రాయడం కన్నా రాయకపోవడం మేలు. ఇతరుల అభిప్రాయాన్ని తీసుకుంటే వారి పేరు చెప్పి తీసుకోవాలి. పేరు చెప్పినందువల్ల మన వ్యాసానికి చిన్నతనం రాదు. చెప్పకపోతే అది దొంగసొత్తు అవుతుంది.

మొదటిసారి రాసినది చిత్తుప్రతి మాత్రమే. దాన్ని పైకి చదివి, నోటికి తట్టిన చోట దిద్దుకోవాలి. ప్రమేయాన్ని మోయని వాక్యాన్ని, ఎంత అందంగా ఉన్నా సరే, కొట్టేయాలి.

8. ఏ తెలుగులో రాయాలి?

మొదటి సందేహానికి ఇప్పుడు జవాబు చెప్పుకోవచ్చు. విద్యార్థి తాను ఆలోచించే తెలుగులో చిత్తు రాయాలి. తరవాత పై ఊరి చదువరిని మనసులో ఉంచుకుని దిద్దుకోవాలి. కళింగాంధ్ర పల్లెల్లో పిల్లవాణ్ణి 'గుంటడు' అంటారు, భూస్వామిని 'బుగత' అంటారు. పల్లె జీవితం గురించి రాసేటప్పుడు ఈ మాటలు వాడడానికి సిగ్గుపడనక్కరలేదు. మొదటిసారి వాడిన చోట అర్థం తెలిసేటట్టు వాక్యం కడితే చాలు. ఇంట్లో కలిసిపోయిన ఒడియా మాటకూ ఇదే నియమం. తెలుగులో సరిపోయే మాట ఉంటే అది వాడాలి. లేకపోతే ఉన్న మాటనే వాడి వివరించాలి.

ఒక వ్యాసంలో ఒకే శైలి ఉండాలి. ఒక వాక్యంలో 'చేయవలెను', తరవాతి వాక్యంలో 'చెయ్యాలి' అని రాయకూడదు. బరువైన మాటలతో వ్యాసానికి బరువు రాదు. రామమూర్తి గారు పరీక్ష రాసే పిల్లవాడికి సొంత మాటలో రాసే హక్కు కావాలన్నారు. ఆ హక్కు దొరికిన తరవాత సొంత ఆలోచన రాయవలసిన బాధ్యత విద్యార్థిదే. వాడుక భాషలో గైడు వాక్యాలు వల్లెవేసి రాస్తే, ఆ పోరాటం ఫలం మనకు అందనట్టే.

పదాలు – అర్థాలు

ప్రమేయం: ఆధారంతో తెలుసుకోదగిన విషయం
ప్రమాణం: తెలుసుకునే సాధనం, ఆధారం
శిష్టులు: చదువుకున్నవారు, మర్యాదస్తులు
గ్రాంథికం: కావ్యాల్లోని భాష, పుస్తక భాష
వ్యావహారికం: వాడుక భాష
అసమ్మతి: ఒప్పుకోకపోవడం
భిషక్కు: వైద్యుడు
భేషజం: మందు, వాడుకలో డాంబికం
వ్యాఖ్య: మూలానికి వివరణ
చిత్తుప్రతి: మొదటిసారి రాసిన, దిద్దవలసిన రాత

ప్రశ్నలు

(అ) రెండు మూడు వాక్యాల్లో జవాబులు రాయండి.

1. 'హితసూచని'లోని వ్యాసాలకు రచయిత పెట్టిన పేరేమిటి? ఆ పేరుకు అర్థం ఏమిటి?
2. ఇంటర్మీడియట్ పరీక్షలో వ్యాసం తప్పనిసరి కావడంతో పుట్టిన వివాదం ఏది?
3. 'భేషజం' అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. రామమూర్తి గారి గ్రంథం పేరులో ఆ రెండూ ఎలా పలుకుతున్నాయి?
4. తాపీ ధర్మారావు గారి వ్యాఖ్య ప్రత్యేకత ఏమిటి?

(ఆ) పది పన్నెండు వాక్యాల్లో జవాబులు రాయండి.

1. గ్రాంథికవాదుల వాదాన్ని మీరే ఆ పక్షాన ఉన్నట్టుగా భావించి బలంగా రాయండి.
2. రామమూర్తి గారు ప్రత్యర్థుల ప్రమేయాలను పరీక్షించిన పద్ధతిని వివరించండి.
3. 'విమర్శ అంటే తప్పులు పట్టడం మాత్రమే కాదు' – ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

భాషాంశాలు

1. ఒకరు కొలిచి, చూసి, సరిపోల్చి తేల్చగలిగినది వాస్తవం. ఒకరికి తోచినది అభిప్రాయం. కింది వాక్యాల్లో ఏది వాస్తవమో, ఏది అభిప్రాయమో గుర్తించండి.
(క) ఒరిస్సా రాష్ట్రం 1936లో ఏర్పడింది.
(చ) పద్యం కన్నా వచనం సులువు.
(ట) తాపీ ధర్మారావు గారు బరంపురంలో జన్మించారు.
(త) పూర్వకాలమే మంచి కాలం.

2. 'అందుచేత, అయితే, ఎందుకంటే, అయినా, పైగా' – ఈ మాటలు వాక్యాల మధ్య ఏ సంబంధాన్ని తెలుపుతాయో చెప్పి, ఒక్కొక్కదానికి సొంత ఉదాహరణ రాయండి.

3. కింది వాక్యాలను వాడుక భాషలోకి మార్చండి.
(క) అతడు గ్రంథమును చదువుచున్నాడు.
(చ) మేము నిన్నటి దినమున సంతకు పోయితిమి.
(ట) రైతులు కాలువను బాగుచేయవలెను.

కృత్యం

మీ ఊరిలో పెద్దలు తరచు చెప్పే ఒక అభిప్రాయాన్ని ఎంచుకోండి. అది నిజమైతే ఇంకేమి కనిపించాలో ఆలోచించండి. కనీసం ముగ్గురిని అడిగి, ఒక పుస్తకం చూసి ఆధారాలు సేకరించండి. ఒప్పుకునేవారి మాట, ఒప్పుకోనివారి మాట రెండూ రాసుకోండి. తరవాత మీకు తేలిన సంగతిని రెండు పుటల వ్యాసంగా రాయండి. రాసినదాన్ని పక్క విద్యార్థికి ఇచ్చి, పాఠంలోని ఐదు ప్రశ్నలూ మీ వ్యాసానికి వేయమని చెప్పండి.